ఇరుకులో మంట: వంటింటి బర్నర్ నుంచి గోపాలపూర్ రేవు దాకా

గ్యాస్ పొయ్యి కట్టేయగానే బర్నర్ లోపల ‘టప్’మని చిన్న చప్పుడవుతుంది. ఒడిశా గంజాం జిల్లా బరంపురంలో ఏ ఇంటి వంటగదిలో నిలబడ్డా పూటకు రెండుమూడు సార్లయినా అది చెవిన పడుతుంది. అలవాటైపోయింది కనక ఎవరూ పట్టించుకోరు. అది మంట వెనక్కి తిరిగి బర్నర్‌లోకి దూరిన చప్పుడు. పొయ్యి వెలుగుతున్నంతసేపూ గ్యాసూ గాలీ కలిసిన మిశ్రమం బర్నర్ చిల్లుల్లోంచి పైకి తోసుకొస్తూ ఉంటుంది. మంటేమో దానికి ఎదురెక్కి కిందికి పోవాలని చూస్తుంది. రెండు వేగాలూ సరితూగిన చోట నిలబడుతుంది. నాబ్ కట్టగానే కింది నుంచి వచ్చే తోపు తగ్గిపోతుంది. మంట చిల్లులోంచి లోపలికి దిగి, అక్కడ మిగిలిన గుక్కెడు మిశ్రమాన్ని ఒక్కసారిగా కాల్చేస్తుంది.

ఆ చిల్లు మరికాస్త సన్నగా ఉంటే చప్పుడే రాదు. మంట అంచు దగ్గరే ఆరిపోతుంది. మరికాస్త వెడల్పయితే, పొయ్యి సిమ్‌లో ఉండగానే మంట లోపలికి దూకి బర్నర్ కడుపులో కాలడం మొదలెడుతుంది. చిల్లులు మూసుకుపోయాయని మేకుతో పొడిచి పొడిచి పెద్దవి చేసుకున్న పాత ఇత్తడి బర్నర్లలో ఇది కనిపిస్తుంది. మంట నీలం తగ్గి, బర్నర్ కింద బుసలాంటి చప్పుడు, గిన్నె కంటే ముందు పొయ్యి బల్ల వేడెక్కడం. అర మిల్లీమీటరు తేడాలో మంట ప్రవర్తన తిరగబడిపోతుంది.

గోడలు దగ్గరగా ఉంటే మంట కుదురుగా ఉంటుందా, చెదురుతుందా అన్న ప్రశ్నకు శాస్త్రం 200 ఏళ్ళకు పైగా జవాబు వెతుకుతోంది. ఆ జవాబులన్నీ ఒకచోట పెట్టి చూస్తే నాకు తేలిందేమిటంటే, ‘ఇరుకు’ అనేది ఒక్క కొలత కానే కాదు. గోడ ఎంత దూరంలో ఉంది, ఎంత వేడిగా ఉంది, గొట్టం అవతలి కొస మూసి ఉందా తెరిచి ఉందా, కాలుతున్నది ఏ వాయువు. ఈ నాలుగూ కలిపి చెప్పకపోతే మంట ఆగుతుందో రేగుతుందో చెప్పలేం. మా గంజాం జిల్లాకు ఈ సంగతి ఇప్పుడు మరీ అవసరం. గోపాలపూర్ పారిశ్రామిక పార్కులో హరిత హైడ్రోజన్, హరిత అమోనియా కర్మాగారాల కోసం కంపెనీలు ఒప్పందాలు చేసుకున్నాయి. మంటల లోకంలో ఆ రెండూ రెండు కొసలు. ఒకటి మిల్లీమీటరు కంటే సన్నని సందులోనూ దూరిపోగలది, రెండోది వేలెడంత గొట్టంలోనే ఉక్కిరిబిక్కిరయ్యేది.

ముందు మంటల్లో రకాలు విడదీసుకోవాలి. దీపం ఒత్తి మంట, కొవ్వొత్తి మంట, కట్టెపొయ్యి మంట ఒక జాతి. అక్కడ ఇంధనం ఒకవైపు నుంచి, గాలి మరోవైపు నుంచి వచ్చి కలిసిన చోటే కాలుతాయి. ఆ మంట తన చోటు విడిచి పరుగెత్తలేదు, ఎందుకంటే దాని ముందు కాలడానికి సిద్ధంగా ఉన్నదేమీ లేదు. రెండో జాతి ముందే గాలి కలిసిన మంట. ఇంధనం, గాలి అణువణువూ కలిసిపోయి ఉంటాయి, నిప్పురవ్వ ఒక్కటే తక్కువ. ఆ మంట ఒక పొర. దాని ముందు పచ్చి మిశ్రమం, వెనక కాలిన పొగ. తన వేడితో ముందరి పొరను అంటిస్తూ తనంత తానే కదిలిపోతుంది. మన కంసాలి కుంపటి ముందు కూచుని ఊదుగొట్టంతో దీపం మంటలోకి గాలి ఊదేటప్పుడు మొదటి జాతిని సగం దూరం రెండో జాతిలోకి తోస్తున్నాడు. పసుపు మంట నీలపు సూదిగా మారేది అందుకే. గ్యాస్ పొయ్యి కూడా పూర్తిగా రెండో జాతి కాదు. కాలడానికి కావలసిన గాలిలో సుమారు సగం ముందుగా బర్నర్ గొట్టంలోనే కలుస్తుంది, మిగతాది మంట బయట నుంచి తీసుకుంటుంది. ఈ వ్యాసమంతా రెండో జాతి గురించే.

ఈ మంటకు ఉన్న ముఖ్యమైన అంకె దాని కాలే వేగం. తగిన పాళ్ళలో గాలి కలిసిన మీథేన్, అంటే పైపుల్లో వచ్చే సహజవాయువు, సెకనుకు సుమారు 40 సెంటీమీటర్ల వేగంతో కాలుతుంది. సిలిండర్ గ్యాస్‌లోని ప్రొపేన్‌దీ ఇంచుమించు అంతే. హైడ్రోజన్ 2 మీటర్లు దాటుతుంది. అమోనియా 7 సెంటీమీటర్ల దగ్గర ఈడ్చుకుంటుంది. ఇక చెప్పబోయే వాటిలో చాలా భాగం ఈ అంకెల నుంచే పుడుతుంది.

ఇరుకు గురించిన మొదటి పెద్ద పాఠం బొగ్గు గనుల్లో చావుల నుంచి వచ్చింది. 1812 మే 25న ఇంగ్లండు ఈశాన్యంలోని ఫెల్లింగ్ గనిలో మీథేన్ పేలి 92 మంది చనిపోయారు. వాళ్ళలో చాలామంది పసివాళ్ళు. ఆ తర్వాత మూడేళ్ళకు గని ప్రాంతపు పెద్దలు హంఫ్రీ డేవీని ఆశ్రయించారు. డేవీ గని గాలిని తెప్పించుకుని సన్నని గొట్టాల్లో కాల్చి చూశాడు. ఒక కొలత కంటే సన్నగా ఉన్న గొట్టంలోంచి పేలుడు అవతలికి దాటడం లేదు. గొట్టం పొట్టిదైనా, ఇంకా సన్నగా ఉంటే చాలు, ఆగిపోతోంది. అలా పొట్టివి చేసుకుంటూ, సన్నవి చేసుకుంటూ పోతే చివరికి మిగిలేది తీగల జల్లెడ. అంగుళానికి 28 తీగల జల్లెడతో దీపాన్ని చుట్టేశాడు. ఒక్కో కన్ను ఒక మిల్లీమీటరు కంటే తక్కువ. గని గాలి లోపలికి వస్తుంది, దీపం చుట్టూ కాలుతుంది, ఆ మంట మాత్రం బయటికి రాదు. 1815 చివర్లో ఈ సంగతి రాయల్ సొసైటీకి చెప్పాడు, 1816 జనవరిలో దీపం గనిలోకి దిగింది. అదే కాలంలో గని ఇంజనీరు జార్జ్ స్టీఫెన్‌సన్ కూడా చిన్న చిల్లుల పద్ధతిలో వేరే దీపం చేశాడు. ఎవరిది ముందు అన్న తగువు ఏళ్ళ తరబడి నడిచింది. మన దేశపు బొగ్గు గనుల్లోనూ దాని సంతతి దీపాలు చాలాకాలం ఉన్నాయి. వెలుతురు కోసం కాదు, మంట మీద నీలపు టోపీ ఎంత ఎత్తు లేచిందో చూసి గాలిలో మీథేన్ ఎంతుందో పసిగట్టడానికి.

డేవీ దీపం నేర్పిన రెండో పాఠం చేదుది. దీపం వచ్చాక కూడా గనులు పేలాయి. గాలి తీసే మార్గాల్లో దీపం పట్టుకుని నడిస్తే ఈదురుగాలి మంటను జల్లెడకు తాటించేది. ఒక పక్క తీగలు ఎర్రగా కాలేవి. ఎర్రబడిన తీగ ఇక వేడి పీల్చుకోదు. అక్కడ జల్లెడ ఉన్నా లేనట్టే. గోడ మంటను ఆపేది చల్లగా ఉన్నంతవరకే అన్న మాట అప్పుడే తెలిసింది. దాని వెనక ఉన్న లెక్క తెలియడానికి ఇంకో 130 ఏళ్ళు పట్టింది.

ఆ లెక్కకు దారి వేసిన వాడు సోవియట్ శాస్త్రవేత్త యాకోవ్ జెల్దోవిచ్, 1940ల మొదట్లో. మంట పొర మందం మీథేన్‌కు సుమారు అర మిల్లీమీటరు. ఆ పొరలో పుట్టే వేడి ముందరి మిశ్రమాన్ని అంటించడానికి వాడుకోవాలి. గోడ దగ్గరయ్యేకొద్దీ అందులో కొంత పక్కలకు జారిపోతుంది. వేడి తగ్గితే మంట నెమ్మదిస్తుంది. నెమ్మదిస్తే గోడ పక్కన ఎక్కువసేపు ఉంటుంది, ఇంకా వేడి పోగొట్టుకుంటుంది. ఈ ఊబి మెల్లగా సున్నా దాకా దిగుతుందని మనం అనుకుంటాం. అలా జరగదు. మంట తన మామూలు వేగంలో 61 శాతానికి పడేదాకా ఏదోలా నిలదొక్కుకుంటుంది. అక్కడి నుంచి ఇక మెట్టు లేదు, ఒక్కసారిగా ఆరిపోతుంది. ఇరుకులో నెమ్మదిగా, బలహీనంగా పాకే మంట దొరకడం ఎందుకు అంత అరుదో ఈ అంకె చెబుతుంది. గోడలు చల్లగా ఉంటే మంట ఉంటుంది, లేదా ఉండదు.

మీథేన్, ప్రొపేన్ మంటలకు ఆ ఆరిపోయే సందు సుమారు 2 మిల్లీమీటర్లు. మంట పొర మందానికి నాలుగైదు రెట్లు. హైడ్రోజన్‌కు 0.6 మిల్లీమీటర్లు, అమోనియాకు సుమారు 7. వేగంగా కాలే మంట పల్చన, దాన్ని ఆపాలంటే గోడలు బాగా దగ్గరకు రావాలి. నెమ్మదిగా కాలే మంట మందం, దూరపు గోడ కూడా దాన్ని చంపేస్తుంది.

పెట్రోలు బంకుల్లో, రేవుల్లో, రసాయన కర్మాగారాల్లో బరువైన ఇనుప పెట్టెల్లో బిగించిన స్విచ్చులు ఈ సూత్రం మీదే నిలిచాయి. ఆ పెట్టె గాలి చొరబడకుండా మూసింది కాదు. లోపలికి గ్యాస్ వెళ్ళనీ, స్విచ్చు నిప్పురవ్వకు లోపలే పేలనీ, మూత అంచు సందులోంచి ఆ మంట బయటికి రాకపోతే చాలు. ఇక్కడ చదివేవాళ్ళకు ఒక చిక్కు ఎదురవుతుంది. మంట ఆరిపోయే సందు హైడ్రోజన్‌కు 0.6 మిల్లీమీటర్లయితే, పెట్టె మూతకు ప్రమాణాలు ఒప్పుకునే ప్రయోగ సందు 0.3 మిల్లీమీటర్లు కూడా లేదు. మీథేన్‌కు 1.14. సగానికి సగం తేడా ఎందుకు? పెట్టె లోపల పేలుడైతే ఒత్తిడికి కాలిన పొగ సన్నని ధారగా బయటికి చిమ్ముతుంది. సందులో మంట ఆరిపోయినా ఆ ధార వేడి అవతలి మిశ్రమాన్ని మళ్ళీ అంటించగలదు. మంటను ఆపడం వేరు, మంట తాలూకు వేడిని ఆపడం వేరు. పుస్తకంలోని 0.6ను పట్టుకుని యంత్రం చేసేవాడు ప్రాణాలతో ఆడుకుంటున్నాడు. ధన్‌బాద్‌లోని కేంద్ర గనుల, ఇంధన పరిశోధన సంస్థలో ఇలాంటి పెట్టెల లోపల నిజంగానే పేల్చి చూసి సర్టిఫికెట్ ఇవ్వడం అందుకే.

వేడి గోడ సంగతి ఈ శతాబ్దంలో మళ్ళీ పైకొచ్చింది. బ్యాటరీకి బదులు అగ్గిపెట్టెంత యంత్రంలో గ్యాస్ కాల్చి కరెంటు తీయాలని 2000 ప్రాంతంలో చాలామంది బయల్దేరారు. అడ్డు తగిలింది ఆ 2 మిల్లీమీటర్లే. జపాన్‌లో తొహోకు విశ్వవిద్యాలయపు కవోరు మరుతా బృందం 2 మిల్లీమీటర్ల స్ఫటిక గొట్టాన్ని తీసుకుని, ఒక కొస చల్లగా, ఇంకో కొస కొలిమిలా ఉండేట్టు బయట నుంచి వేడి చేసి, అందులోకి మిశ్రమం పంపింది. 2005లో వాళ్ళు ప్రచురించిన ఫలితం ఇప్పటికీ ఆశ్చర్యమే. ప్రవాహం బాగా వేగంగా ఉంటే మంట ఒకచోట నిలిచింది. బాగా నెమ్మదిగా ఉన్నా సన్నని మసక వెలుగుగా నిలిచింది. మధ్యలో మాత్రం మంట వేడి కొసన పుట్టి, చల్లని వైపు పరుగెత్తి, ఆరిపోయి, మళ్ళీ వేడి కొసన పుట్టి, మళ్ళీ పరుగెత్తింది. సెకనుకు ఎన్నోసార్లు. పుట్టుక, పరుగు, చావు ఒక లయలో. జెల్దోవిచ్ చెప్పిన ఉంది-లేదు లెక్క వేడి గోడల మధ్య ఇలా ఊగిసలాటగా మారుతుంది. ముంబయి ఐఐటీలో సుదర్శన్ కుమార్ బృందం కొస దాకా క్రమంగా వెడల్పయ్యే సన్నని కాలువల్లో మంటను నిలిపి, దాని కాలే వేగాన్ని ఎక్కువ ఉష్ణోగ్రతల్లో కొలిచే పద్ధతిని అభివృద్ధి చేసింది. ఇరుకును అడ్డంకిగా కాక కొలబద్దగా వాడుకున్న పని అది.

ఇప్పుడు మళ్ళీ బర్నర్ దగ్గరికి వద్దాం, ఎందుకంటే నా దృష్టిలో ఈ రంగంలో అన్నిటికంటే పెద్ద తప్పు అక్కడ జరిగింది. తెరిచిన కొసన నిలబడిన మంట వెనక్కి ఎప్పుడు దూకుతుంది? గొట్టం మధ్యలో ప్రవాహం వేగంగా ఉంటుంది, గోడను ఆనుకుని సున్నా అవుతుంది. మంట దూకాలంటే గోడ పక్కనే ఉన్న ఆ నెమ్మది పొరలోంచి దూరాలి. మరీ గోడకు ఆనుకుంటే ఆరిపోతుంది, దూరం జరిగితే ప్రవాహం తోసేస్తుంది. బెర్నార్డ్ లూయిస్, గుంథర్ వాన్ ఎల్బ్ 1940లలో ఈ సన్నని దారిని ఒక్క అంకెతో పట్టుకున్నారు: గోడ దగ్గర వేగం ఎంత నిటారుగా పెరుగుతుందన్నది. అది ఫలానా హద్దు కంటే తక్కువైతే మంట వెనక్కి దూకుతుంది, ఇంకో హద్దు దాటితే లేచిపోయి ఆరుతుంది. మీ పొయ్యి బర్నర్‌తో సహా ప్రపంచంలో బర్నర్లన్నీ ఈ రెండు హద్దుల మధ్య గీసినవే. అందమైన సూత్రం. 60 ఏళ్ళు ఎవరూ వేలెత్తి చూపలేదు.

అయితే వాళ్ళు కొలిచింది మంట గొట్టం బయట, తెరిపిన ఉన్నప్పుడు. 2010 తర్వాత మ్యూనిక్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో ఐక్లర్, సాటెల్‌మయర్ మంటను గొట్టం లోపలే, గోడల మధ్యే ఉంచి, గోడ పక్క ప్రవాహాన్ని సూక్ష్మదర్శిని లాంటి కెమెరాతో చూశారు. మంట వెనక వాయువులు వేడికి ఏడెనిమిది రెట్లు ఉబ్బుతాయి. బయటైతే ఆ ఉబ్బు పక్కలకు పోతుంది. ఇరుకులో పోవడానికి దారి లేదు. ఆ ఒత్తిడి మంటకు ముందున్న ప్రవాహం మీదికే తిరిగి, గోడ పక్క నెమ్మది పొరను ఇంకా ఆపేసి, ఒక్కోచోట వెనక్కి తిప్పేస్తుంది. అంటే మంట తన దారి తానే తవ్వుకుంటోంది. హైడ్రోజన్ మంటలకు తెరిపిన కొలిచిన పాత హద్దు కంటే ఇరుకులో చాలా రెట్లు ఎక్కువ హద్దు కావాలని తేలింది. ఇరుకు మంటను ఆపుతుందన్న డేవీ పాఠమొక్కటే గుర్తు పెట్టుకున్న వాళ్ళకు ఇది తలకిందులు. సందు మంట ఆరిపోయే కొలత కంటే చిన్నదైతే ఇరుకు స్నేహితుడు. దాటితే, అదే ఇరుకు మంటకు వెన్నుదన్ను.

దాటాక, పొడుగైతే ఏమవుతుందో చూడాలంటే ఫ్రాన్సుకు వెళ్ళాలి. గని వాయువుల మీద ప్రభుత్వం వేసిన సంఘం కోసం మల్లార్డ్, ల షటెలియే పొడవాటి గాజు గొట్టాల్లో మంటల పరుగును కొలిచి 1883లో ప్రచురించారు. తెరిచిన కొసన అంటిస్తే మంట మొదట నింపాదిగా నడుస్తుంది. కొంత దూరం పోయాక వణుకుతుంది, గొట్టం పాడుతుంది, ఆ పాటతో పాటు మంట ముందుకీ వెనక్కీ ఊగుతుంది. మూసిన కొసన అంటిస్తే పరుగే పరుగు, వెనక ఉబ్బిన వాయువు తోస్తుంది కనక. రెండు కొసలూ మూసిన గొట్టంలో ఇంకో వింత. ముందుకు వేలులా పొడుచుకొచ్చిన మంట హఠాత్తుగా నడుమ లోపలికి నొక్కుకుపోయి తులిప్ పువ్వు ఆకారమవుతుంది. 1928లో ఎల్లిస్ దీన్ని ఫోటోల్లో పట్టాడు. ఎందుకలా అవుతుందన్నదానికి ప్రవాహపు సుడులనీ, మంట సహజ అస్థిరత అనీ, ధ్వని అలలనీ చాలా వివరణలు ఉన్నాయి. మార్సేలో క్లానే, సెర్బీ 1996లో మంట పక్కలు గోడను తాకే క్షణమే మలుపని చూపారు. పక్కలు తాకి ఆరిపోగానే మంట వైశాల్యం తగ్గుతుంది, తోపు పడిపోతుంది, ముందుకు దూసుకుపోయిన నడుమ భాగం వెనకబడుతుంది. చివరికి ఆ పువ్వు కూడా గోడ గీసిన బొమ్మే.

మంట స్వభావంలోనే అల్లరి ఉంది. 1938లో దార్యూ, 1944లో లాందావ్ విడివిడిగా లెక్క కట్టి, వాయువు వేడికి ఉబ్బుతుంది కనక చదునైన మంట పొర ఏదీ చదునుగా నిలవలేదని చూపారు. చిన్న ముడత పడితే అది పెరుగుతుంది. ఇరుకు ఈ ముడతలకు హద్దు పెడుతుంది, గొట్టం వెడల్పు కంటే పెద్ద ముడత అందులో ఇమడదు. అదే చేత్తో ఇరుకు ఇంకో అల్లరిని తెస్తుంది, పాట. 1878లో లార్డ్ రేలే చెప్పిన సూత్రం ఇది: గాలి నొక్కుకున్న క్షణంలో వేడి తగిలితే ధ్వని బలపడుతుంది, విప్పారిన క్షణంలో తగిలితే అణిగిపోతుంది. మూసిన గదిలో మంట ధ్వని గోడకు కొట్టుకుని తిరిగి మంట దగ్గరికే వస్తుంది, మంటను ఊపుతుంది, ఊగిన మంట ఇంకా వేడి చిమ్ముతుంది. సెర్బీ 1992లో గొట్టంలో కిందికి దిగే ప్రొపేన్ మంట మీద చూపింది నాకు చాలా ఇష్టం. మోస్తరు ధ్వని వచ్చినప్పుడు ముడతలు పోయి మంట అద్దంలా చదునైపోతుంది. ధ్వని ఇంకా పెరిగితే అదే మంట ముక్కలు ముక్కలుగా ఎగిరిపడుతుంది. మంటను ఊరడించేదీ, పిచ్చెక్కించేదీ ఒకే పాట.

గాజు గొట్టంలో ఇది చూడముచ్చట. గ్యాస్ టర్బైన్‌లో ఇది లోహాన్ని చీల్చే దెబ్బ. గోదావరి ఒడ్డున జేగురుపాడు, వేమగిరి విద్యుత్ కేంద్రాలు వచ్చిన కాలానికి ప్రపంచమంతటా టర్బైన్ల తయారీదారులు ముందే గాలి ఎక్కువగా కలిపి పల్చగా కాల్చే పద్ధతికి మళ్ళారు. మంట వేడి తగ్గితే నైట్రోజన్ ఆక్సైడ్ల కాలుష్యం తగ్గుతుంది. దానికి వెల ఈ పాట. పల్చని మంట చిన్న ఊపుకే లొంగిపోతుంది. మద్రాసు ఐఐటీలో ఆర్. ఐ. సుజిత్ బృందం 2014లో చూపిన విషయం ఇంజనీర్ల చేతికి ఒక పనిముట్టు ఇచ్చింది. ఊగులాట ఉన్నట్టుండి మొదలవదు. దానికి ముందు మామూలు గోల మధ్య అప్పుడప్పుడూ లయబద్ధమైన గుంపులు మెరిసి మాయమవుతాయి. వాటిని ముందే వినగలిగితే యంత్రాన్ని కాపాడుకోవచ్చు.

ఇక మా తీరానికి. గంజాం ఊరి దగ్గర, హుమ్మా ఉప్పుమళ్ళ పక్క, కాస్టిక్ సోడా కర్మాగారం దశాబ్దాల నుంచి ఉంది. ఉప్పునీటిలోంచి విద్యుత్తు పంపితే సోడా, క్లోరిన్‌లతో పాటు హైడ్రోజన్ కూడా పుడుతుంది. అంటే గంజాంకు హైడ్రోజన్ కొత్త అతిథి కాదు. గోపాలపూర్‌లో రాబోయేది దాని రాశి. హైడ్రోజన్ గాలిలో 4 శాతం నుంచి 75 శాతం దాకా ఎంత పాలు కలిసినా కాలుతుంది. పల్చగా ఉన్నప్పుడు దానికి మరో గుణం వస్తుంది. హైడ్రోజన్ అణువు ఎంత తేలికంటే, వేడి పక్కకు జారేదాని కంటే వేగంగా ఇంధనమే మంట వైపు జారుతుంది. ముందుకు పొడుచుకొచ్చిన మంట కొనకు వేడి పోయినదాని కంటే ఇంధనం ఎక్కువ దొరుకుతుంది, అది ఇంకా బలపడుతుంది. మంట పొర చిన్న చిన్న గుబ్బలుగా విడిపోతుంది.

దీన్ని ఇరుకులో పెడితే ఏమవుతుందో 2020లో మాడ్రిడ్, కార్ల్స్‌రూహె పరిశోధకులు చూపారు. కొన్ని మిల్లీమీటర్ల ఎడంలో రెండు పలకలు, మధ్య చాలా పల్చని హైడ్రోజన్ మిశ్రమం. పాత లెక్క ప్రకారం అక్కడ మంట ఉండకూడదు, గోడలకు పోయే వేడే దాన్ని ఆర్పేయాలి. పొర ఆరిపోయింది నిజమే. దాని బదులు విడివిడి చిన్న మంట గుబ్బలు, చీలుతూ, చెట్టు కొమ్మల్లా దారులు గీస్తూ, చుట్టూ ఉన్న హైడ్రోజన్‌ను తమ వైపు పీల్చుకుంటూ ముందుకు పాకాయి. మంట ఆరిపోయే సందు అన్న భావననే ఈ ప్రయోగం కదిలించింది. ‘ఫలానా కొలత కంటే ఇరుకు, కాబట్టి భయం లేదు’ అన్న మాట పల్చని హైడ్రోజన్ దగ్గర చెల్లదు. కరువు కాలంలోనూ బతికే జీవిలాంటిది అది. కర్మాగారాల్లో పలకల మధ్య, ఇన్సులేషన్ పొరల మధ్య, కేబుల్ గొట్టాల్లో ఉండే సందుల్లో చాలా వరకు ఈ కొలతలోనే ఉంటాయి. హైడ్రోజన్ మంట పగటిపూట కంటికి దాదాపు కనబడదన్నది కూడా ఇక్కడ గుర్తు పెట్టుకోవాలి.

అమోనియా దగ్గర అంతా తిరగబడుతుంది. రొయ్యల వ్యాపారం, ఐస్ ఫ్యాక్టరీలు ఉన్న మన తీరం వాళ్ళకు అమోనియా అంటే కళ్ళు మండించే వాసన, ఇంధనం కాదు. గాలిలో 15 శాతం నుంచి 28 శాతం మధ్యే కాలుతుంది, అదీ అయిష్టంగా. దాని మంట ఇరుకులో రెచ్చిపోతుందన్న భయం లేదు, నిలబడదన్నదే బాధ. అందుకే అమోనియాలో కొంత భాగాన్ని ముందే విడగొట్టి హైడ్రోజన్ చేసి, తిరిగి కలిపి కాలుస్తారు. పాళ్ళు కుదిరితే కాలే వేగం మీథేన్ దగ్గరికి వస్తుంది. కాలే వేగం సరిపోయిందని మీథేన్ బర్నర్‌లోనే కాల్చవచ్చని కొందరు ధీమాగా ఉన్నారు. నాకు ఆ ధీమా లేదు. మిశ్రమం మొత్తం వేగం మీథేన్ లాంటిదే కావచ్చు, అందులోని హైడ్రోజన్ మాత్రం గోడ పక్క నెమ్మది పొరలో తన గుణమే చూపుతుంది. మంట వెనక్కి దూకేది ఆ పొరలోంచే. తెరిపిన కొలిచిన అంకెలను ఇరుకుకు వాడి ఒకసారి మోసపోయాం. సగటు అంకెలను గోడ పక్కకు వాడితే అదే తప్పు మళ్ళీ.

మిల్లీమీటర్ల సంగతి చాలాసేపు చెప్పాను. మనుషుల్ని చంపేది ఎక్కువగా మీటర్ల ఇరుకు. మూడు మీటర్ల పొడుగు, వెడల్పు, ఎత్తు ఉన్న వంటగదిలో గాలి 27 ఘనపు మీటర్లు. సిలిండర్ గ్యాస్ గాలిలో 2 శాతానికి చేరితే అంటుకుంటుంది. గదంతా సమంగా కలిసినా సుమారు ఒక కిలో గ్యాస్ చాలు. సిలిండర్‌లో ఉండేది 14.2 కిలోలు. పైగా ఆ గ్యాస్ గాలి కంటే బరువు, నేల మీద పరుచుకుంటుంది. మోకాలెత్తు పొరలో అంటుకునే పాళ్ళు రావడానికి ఇంకా తక్కువే చాలు. మూసిన గదిలో తగిన పాళ్ళ మిశ్రమం పూర్తిగా కాలితే ఒత్తిడి వాతావరణానికి ఏడెనిమిది రెట్లు. కిటికీ అద్దాలు పగలడానికి వాతావరణ ఒత్తిడిలో కొన్ని వందో వంతులే ఎక్కువ. ఇటుక గోడ ఒక్క రెట్టుకే ఆగదు. కిటికీ ముందుగా పగలడం ఇక్కడ అదృష్టం, ఒత్తిడికి దారి దొరుకుతుంది. గ్రిల్లులు బిగించి, వెంటిలేటర్లు మూసేసి, ఏసీ కోసం సందులన్నీ పూడ్చుకున్న కొత్త ఫ్లాట్లు ఈ లెక్కలో పాత పెంకుటిళ్ళ కంటే అధ్వానం.

2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుపాను గోపాలపూర్ దగ్గర తీరం దాటింది. అలాంటి రాత్రి తలుపులు, కిటికీలు బిగించి, కిటికీ సందుల్లో గుడ్డలు కుక్కి, లోపలే పొయ్యి వెలిగించుకుంటాం. ఇరుకు కొలతలో ఇల్లు అప్పుడు ఒక మూసిన గొట్టం. రెగ్యులేటర్ దగ్గర కట్టేయడం, తెల్లారాక తలుపులు తీసి కాసేపు ఆగి గానీ స్విచ్చు ముట్టకపోవడం ఆ రాత్రి పాటించవలసిన మొదటి జాగ్రత్తలు.

గది లోపల ఉన్న సామాను కూడా ఇరుకే. సోవియట్ పరిశోధకుడు షెల్కిన్ గొట్టం లోపల తీగ చుట్ట పెడితే మంట ఎన్నో రెట్లు వేగం పుంజుకుని విస్ఫోటంగా మారడం చూపాడు. ప్రతి అడ్డం వెనకా సుడి, ప్రతి సుడిలోనూ మంట ముడత, ప్రతి ముడతకీ ఎక్కువ మంట వైశాల్యం. నాలుగు గోడలు లేకపోయినా ఇది జరుగుతుంది. 2005 డిసెంబరు 11న ఇంగ్లండులోని బన్స్‌ఫీల్డ్ చమురు డిపోలో పెట్రోలు ఆవిరి మేఘం పేలినప్పుడు, ఆరుబయట అంత ఒత్తిడి ఎలా వచ్చిందని దర్యాప్తు చేసినవాళ్ళు తలలు పట్టుకున్నారు. చివరికి వాళ్ళ వేలు దారి పక్క దట్టంగా పెరిగిన చెట్లూ పొదల మీదికి పోయింది. మాకు ఇంకా దగ్గరి జ్ఞాపకం ఉంది. బరంపురం నుంచి రైలెక్కితే పూట ప్రయాణంలో ఉన్న విశాఖపట్నంలో, 1997 సెప్టెంబరు 14న, హెచ్‌పీసీఎల్ రిఫైనరీలో సిలిండర్ గ్యాస్ మేఘం అంటుకుని 50 మందికి పైగా చనిపోయారు. పైపులు, ట్యాంకులు, దిమ్మెల మధ్య పరుచుకున్న మేఘాన్ని ఆరుబయలు అని ఎవరనగలరు?

ప్రయోగశాలల్లో ఇప్పటికీ ఎక్కువ పని నునుపైన గాజు గొట్టాల్లో, పొడి గాలిలో, ఒక్క ఇంధనంతో జరుగుతుంది. గోపాలపూర్‌లో గాలి ఏడాదిలో చాలా నెలలు తేమతో, ఉప్పుతో బరువెక్కి ఉంటుంది. ఉప్పు గాలి మొదట తినేది ఉక్కు అంచుల్ని. మంట దాటని సందును మూత అంచు దగ్గర 0.3 మిల్లీమీటర్ల లోపు గీసి కర్మాగారం కడతారు. తుప్పు ఆ అంచును కొరికాక ఆ సందు ఎంతవుతుంది, ఎన్నేళ్ళకు అవుతుంది, అందులోంచి పల్చని హైడ్రోజన్ గుబ్బలు పాకుతాయా? ఈ కొలతలు సముద్రపు గాలి తగిలే చోటే కొలవాలి. బరంపురంలో విజ్ఞానశాస్త్ర విద్యా పరిశోధన సంస్థ ఐసర్ ఉంది, ఇంజనీరింగు కాలేజీలున్నాయి, సముద్రం 15 కిలోమీటర్లు. రెండు ఉక్కు పలకలు, మధ్య కొన్ని మిల్లీమీటర్ల ఎడం, ఒక మంచి కెమెరా. ఒక వర్షాకాలం ఆ పలకల్ని గోపాలపూర్ ఒడ్డున ఉంచి తెచ్చి, మళ్ళీ మంట పెట్టి చూడాలి.